ఎంగిలిపూలు

"తల్లి పేరు?" అని అడిగారు అయ్యగారు. బాపు చెప్పాడు. "ఆమె అత్తగారి పేరు?" అదీ చెప్పాడు. "ఆ అత్తగారికి అత్తగారు?" బాపు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. వెనక్కి తిరిగి అమ్మ వైపు చూశాడు, చిన్నాయన వైపు చూశాడు. ఎవరికీ తెలియదు. ఇలాంటి సందేహం వస్తే మా ఇంట్లో అడగడానికి ఒక్క మనిషే ఉండేది. ఆ మనిషి పేరే బాపు ఇందాక మొట్టమొదట చెప్పాడు.

2025లో పెత్రమాస, అంటే పితృ అమావాస్య, సెప్టెంబర్ 21, ఆదివారం వచ్చింది. మంథనిలో ఆ పొద్దున బ్రాహ్మణ వీధుల వైపు నడిచే ప్రతి మనిషి చేతిలో ఒక సంచి ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా వస్తారు. మా సంచిలో బియ్యం, పెసరపప్పు, చింతపండు, ఉప్పు, ఎండుమిరపకాయలు, బెల్లం, ఒక ఆనిగెపుకాయ, నాలుగు బీరకాయలు, గుప్పెడు చిక్కుడుకాయలు. పోయినవాళ్ల పేరు మీద బియ్యమిచ్చుడు అంటే ఇదే. బాపమ్మ పేరు మీద మాకిది మొదటిసారి. మా నాయనను మేం బాపు అంటాం, బాపును కన్నది బాపమ్మ.

పేరు దొరకలేదని ఆ పని ఆగదు. పోయినవాళ్లలో మొదటి తరాన్ని వసువులుగా, రెండో తరాన్ని రుద్రులుగా, మూడో తరాన్ని ఆదిత్యులుగా తలచుకోవడం శ్రాద్ధ విధిలో ఉన్నదే. "పేరు తెలియకున్నా ఆమెకు అందుతుంది" అని అయ్యగారు నెమ్మదిగా చెప్పి ముందుకు సాగారు. బాపు ముత్తవ్వ అట్లా పేరు లేకుండానే సూర్యుడిలో కలిసింది. బాపు మాత్రం ఇంటికి వచ్చేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. గడపలో చెప్పులు విడుస్తూ, "అమ్మనడగాల్సింది" అన్నాడు. అంతే.

తెలంగాణ బయటి మిత్రులు నన్ను ఏటా ఒక ప్రశ్న అడుగుతారు. పితృ అమావాస్య నాడు ఎక్కడైనా పండుగ మొదలుపెడతారా అని. మేం మొదలుపెడతాం. పొద్దున పెద్దలకు బియ్యం ఇస్తాం, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుతాం. తిథి ఒకటే, ఇల్లు ఒకటే. పొద్దున చింతపండు కట్టిన చేతులే సాయంత్రం గునుగు కట్టలు కడతాయి. ఆ అమావాస్యకు ఎంగిలిపూల పేరు ఎందుకొచ్చిందో తలా ఒక మాట చెబుతారు. ముందురోజే కోసి నీళ్లలో పెట్టిన పూలు కాబట్టి అని కొందరు, ఆ రోజు తిన్న తర్వాతే పేరుస్తారు కాబట్టి అని కొందరు. మా బాపమ్మది రెండో పక్షం. "ముందుగాల పోయినోళ్లు తినాలె, ఎన్క మనం తినాలె, గా చేతితోనే పువ్వు ముట్టాలె. ఎంగిలి గాని బతుకు ఏడున్నదే బిడ్డా" అనేది. చిన్నప్పుడు ఈ మాట నాకు ఎక్కలేదు. ఎంగిలి అంటే తిట్టు అనుకునే వయసు అది.

బాపమ్మ గోదారి అవతల, చెన్నూరు వైపు పిల్ల. రజాకార్ల గడబిడలో హడావిడిగా పెళ్లి చేసి, పడవ ఎక్కించి ఇవతలి ఒడ్డుకు పంపారట. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగేనాటికి తాను కాపురానికి వచ్చి ఏడాదని చెప్పేది. పుట్టిన తేదీ ఆమెకు తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. కాలాన్ని ఆమె రెండు గుర్తులతో కొలిచేది. ఒకటి పీవీ ఎన్నికలు. 1957 నుంచి వరసగా నాలుగుసార్లు మంథని నుంచి ఆయన శాసనసభకు గెలిచారు. బాపమ్మ మాటల్లో అవి మొదటి పీవీ ఓటు, రెండో పీవీ ఓటు. మా చిన్నాయన పుట్టింది రెండో ఓటు ఏడు. రెండో గుర్తు గోదారి పుష్కరాలు. మంథనికి వచ్చాక ఆరు చూసింది. 2015 పుష్కరాల్లో గౌతమేశ్వరం దగ్గర ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ల దాకా మోసుకుపోయాం. "మళ్ల పుష్కరాలకు గీ కుర్చీ సాలది, మంచం దేవాలె" అని నవ్వింది. 2027కు ఇంకా మూడేళ్లుందనగా, 2024 శ్రావణంలో, తొంభై దాటిన వయసులో, పొద్దుటి చాయ తాగి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. ఊళ్ళో అందరూ అన్న మాట ఒకటే, పండు రాలినట్టు పోయిందని.

ఈ కాలమ్‌లో నేను చెప్పదలుచుకున్నది ఆమె బతుకమ్మ పేర్చే తీరు గురించి. మా వాడలో ఆమెకు పేరు తెచ్చిన పని అది. డెబ్బై ఏళ్లకు పైగా చేసిన ఆ పనికి ఇవాళ చూపించడానికి ఒక్క గుర్తూ లేదు. కుట్టిన బొంత అయితే ఉండేది, అల్లిన బుట్ట అయితే ఉండేది. బతుకమ్మ పుట్టేది మధ్యాహ్నం, పోయేది రాత్రి. నీళ్లలోకి వదలడానికే చేసే వస్తువు కోసం ఒక మనిషి ఇంత పట్టుదలగా పని నేర్చుకోవడం, నేర్పడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఆమె పని ముందురోజే మొదలయ్యేది. తంగేడు రామగిరి గుట్టల వైపు నుంచి వచ్చేది, గునుగు మక్కచేన్ల గట్ల నుంచి. తంగేడు ఊరికే వాడిపోయే పువ్వు, దాన్ని తడిబట్టలో చుట్టి నీడన పెట్టాలి. గునుగు మొండిది, రెండు రోజులైనా తల వంచదు. దాని ఆకు దూసి, గుప్పెడు గుప్పెడు కట్టలు కట్టి, కాడలన్నీ ఒకే కొలతకు కత్తిరించి, తలలను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టేది. ఎంగిలిపూల నాటికి రంగులు అక్కర్లేదు, తెల్లగునుగు చాలు అనేది. రంగులు సద్దుల నాటికి. మొదటిరోజు బతుకమ్మ చిన్నది, ముద్దుగా ఉండాలి. తొమ్మిదో రోజుది ఎదిగిన పిల్ల, దానికి నగలు కావాలి.

తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, వాటి మీద మొదటి వరస తంగేడు. పువ్వు బయటికి, కాడ లోపలికి. ఆ పైన గునుగు, ఆ పైన బంతి, తర్వాత కట్లపూలు, దొరికితే పట్టుకుచ్చు. ఒక్కో వరసా కింది వరసకన్నా వేలెడంత లోపలికి జరగాలి. చూసేవాళ్లకు కనిపించేది ఈ వరసలే. బాపమ్మ కన్ను మాత్రం ఎప్పుడూ నడిమధ్యన ఉండేది. ఒక వరస పెట్టగానే తరిగిన కాడలూ, దూసిన ఆకూ, రాలిన పూరెక్కలూ గుప్పిళ్లతో మధ్యలో కుక్కి, అరచేత్తో అదిమేది. మళ్లీ వరస, మళ్లీ అదమడం. దానిని ఆమె 'పొట్ట నింపుడు' అనేది. మూరెడు ఎత్తు బతుకమ్మలో కంటికి కనిపించే పువ్వుకన్నా కనిపించని చెత్త ఎక్కువ. దాని మీదే అంతా నిలుస్తుంది.

నా పన్నెండో ఏట నేనొక్కదాన్నే పేరుస్తానని మొండికేశాను. పేర్చాను. బయటికి ఎంత అందంగా ఉందంటే, పక్కింటి పెద్దమ్మ వచ్చి చూసి మెచ్చుకుంది కూడా. తలమీద పెట్టుకొని తమ్మిచెరువు కట్ట వైపు నడుస్తున్నాను. సగం దారిలో నెత్తిమీద ఏదో జరిగినట్టయింది. ఒక పక్క నుంచి తంగేడు జారింది, దాని వెంట గునుగు, ఆ వెంట మొత్తం. చెరువు చేరేసరికి నా చేతిలో మిగిలింది తాంబాళం, కొన్ని ఆకులు. వాడ పిల్లలంతా నవ్వారు. బాపమ్మ రోడ్డు మీద పడ్డ పూలన్నీ కొంగులోకి ఏరింది. "పొట్ట ఎండబెట్టినవే దాన్ని" అంది. ఆ కొంగును అలాగే చెరువు దాకా తెచ్చి, విప్పి, నా చేతులతోనే నీళ్లలో వేయించింది. కూలిన బతుకమ్మ కూడా బతుకమ్మేనట, దాని దారి దానికి చూపాలట. ఆ తర్వాత నేనెప్పుడూ పొట్ట మరచిపోలేదు.

ఒక్క విషయం చిన్నప్పుడు నాకు అర్థం కాలేదు. బాపమ్మ అంతా పేర్చి, కొస మీద చోటు ఖాళీగా వదిలి లేచిపోయేది. గుమ్మడిపువ్వు పెట్టి, అందులో పసుపు గౌరమ్మను నిలిపేది మా అమ్మ. తలకెత్తుకునేదీ అమ్మే. పని పంచుకున్నారు కాబోలు అనుకునేదాన్ని. తాతయ్య పోయేనాటికి బాపమ్మకు నలభై ఏళ్లు. అప్పటినుంచి ఆమె పసుపు ముట్టలేదు, కట్ట మీద ఆట మొదలవగానే ఒక పక్కకు జరిగి నిలబడేది. నీళ్లలో బతుకమ్మను వదిలాక ఆడవాళ్లు గౌరమ్మ పసుపును పుస్తెలకు పూసుకొని, ఒకరికొకరు వాయినాలు ఇచ్చుకునే వేళకు ఆమె తాంబాళాలు కడుగుతూ ఉండేది. ఆమె ఎప్పుడూ దాని గురించి మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేను ఓర్పు అని పొగడదలుచుకోలేదు. తొంభై శాతం పని ఆమెది, కొసన ఉండే పది శాతం మీద మాత్రం ఆమెకు హక్కు లేదని అన్నది మనం. కొన్ని ఇళ్లలో ఇప్పుడు ఈ పట్టింపు సడలుతోంది. మా ఇంట్లో అది ఆమె బతికుండగా సడలలేదు, అడిగే ధైర్యం నాకు వచ్చేసరికి ఆమె మంచంలో ఉంది.

బంతిపువ్వును బాపమ్మ మొదటి వరసలో ఎన్నడూ పెట్టనివ్వలేదు. దానిలో నీరెక్కువ, బరువెక్కువ, కిందపెడితే నలిగి కుళ్లుతుందనేది. "అది తోట పువ్వు. తంగేడు తీరు గుట్టల వెరిగింది గాదు" అని ఇంకో కారణం చెప్పేది. ఈ మాటలో ఆమెకు తెలియని ఒక నిజం ఉంది. బంతి మన నేల పువ్వు కాదు. మెక్సికో దాని పుట్టిల్లు, సముద్రాలు దాటి పోర్చుగీసు వాళ్ల కాలంలో ఇటు వచ్చింది. అక్కడా చచ్చిపోయినవాళ్లకు ఒక పండుగ ఉంది, నవంబర్ 1, 2 తేదీల్లో. పోయినవాళ్ల ఫొటోల ముందు వాళ్లకిష్టమైన తిండి పెట్టి, వాళ్లు దారి తప్పకుండా ఇంటికి రావాలని బంతి రెక్కలు పరుస్తారు. 2008లో యునెస్కో ఆ పండుగను మానవాళి సంపదల జాబితాలో చేర్చింది. మొట్టమొదట ఇది చదివినప్పుడు బాపమ్మకు చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే గది గుడ నా లెక్కనే గోదారి దాటొచ్చిందన్నట్టు" అంది. ఆ ఏడు కూడా బంతికి మూడో వరసే దొరికింది.

గోదారితో ఆమెది అత్తాకోడళ్ల వరస, భక్తి ఎంతో దెబ్బలాట అంత. 2022 జులైలో గోదారి ఊళ్ళోకి వచ్చినప్పుడు ఆమెను మేడమీదికి ఎక్కించాం. కింద వీధిలో నీళ్లు తిరుగుతుంటే పైనుంచి చూసి, "ఏటేట మనం ఆమె కాడికి పోతిమి, ఈసారి ఆమెనే మనింటికొచ్చింది. పొమ్మంటే బాగుంటదా" అంది. నీళ్లు తీశాక బురద ఎత్తిపోయడానికి మాకు వారం పట్టింది. బాపమ్మ అలమరలోంచి తడిసిన చీరలు తీయిస్తూ, ఇత్తడి తాంబాళం దొరికిందా అని మూడుసార్లు అడిగింది. దొరికింది. ఒక పక్క సొట్ట పడింది. ఆ సొట్ట అలాగే ఉంది.

ఇవాళ మంథని బజారులో గునుగు కట్టకింత అని అమ్ముతారు, బంతి కిలోల లెక్కన వస్తుంది, తంగేడు ఆటోల్లో దిగుతుంది. 2014లో రాష్ట్రం వచ్చాక బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. ఆ గౌరవం వచ్చిన రోజుల్లోనే చేన్లలో గడ్డిమందు కూడా పెరిగింది. మందు కొట్టిన మక్కచేను గట్టున గునుగు మొలవదు. బాపమ్మ దీని మీద ఏడవలేదు. "కొనుక్కొస్తే ఏమాయె, పేర్సుడు కొనుక్కొస్తరా" అనేది.

ఆమె పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాం. గోదారి ఒడ్డున విస్తరిలో అన్నం, పప్పు, పెరుగు, ఆమెకు ప్రాణమైన చాయ ఒక గ్లాసులో. కాకి వచ్చింది, దూరంగా వాలింది, ముట్టలేదు. బాపు చేతులు జోడించి, చిన్నాయనను బాగా చూసుకుంటానని మాటిచ్చాడు. చిన్నాయన బాపును చూసుకుంటానన్నాడు. కాకి కదలలేదు. పుష్కరాలకు నీ పేరు మీద మునుగుతామని మేనత్త అంది. కాకి అటు తిరిగి కూర్చుంది. ఎండ ఎక్కుతోంది. చివరికి నా కూతురు, మా చిన్నది, తన టిఫిన్ డబ్బాలోంచి ఒక మక్కగారె తీసి విస్తరి కొసన పెట్టింది. పళ్లు ఊడిన పదిహేనేళ్లుగా బాపమ్మ మక్కగారెను చాయలో నానబెట్టుకొని తినేది. కాకి నేరుగా వచ్చి గారెను ముక్కున కరుచుకొని పోయింది. అంత దుఃఖంలోనూ అందరం నవ్వాం. నిండుగా బతికిన మనిషి చావు ఇలాగే ఉంటుందేమో. ఏడుపు మధ్యలో నవ్వుకు కూడా చోటు వదిలి పోతారు.

ఆ ఏడు పెత్రమాస అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడు పడింది. ఏడాది తిరగని ఇల్లు కాబట్టి పుట్టింట్లో పండుగ లేదు. పెళ్లయిన ఆడపిల్లకు మైల తొందరగా తీరుతుంది కనుక కరీంనగర్‌లో మా అత్తగారింట్లో నేను బతుకమ్మ పేర్చవచ్చు. మా అత్తమ్మ పూలు తెప్పించి పెట్టింది కూడా. కూర్చున్నాను. తంగేడు వరస పెట్టాను. గునుగు కట్ట చేతిలోకి తీసుకున్నాక చేయి ముందుకు సాగలేదు. మా అత్తమ్మ ఏమీ అడగకుండా నా చేతిలోంచి కట్ట తీసుకొని మిగతాది తనే పూర్తి చేసింది.

అందుకే మరుసటి ఏడు మంథనిలో పేర్చాలని వచ్చాను. పొద్దున అయ్యగారి ముందు ఆ పేరు దొరకని సంగతి అయ్యాక, మధ్యాహ్నం భోజనాలయ్యాక, సొట్ట తాంబాళం ముందేసుకొని వసారాలో కూర్చున్నాం. అమ్మ, నేను, మా చిన్నది. బాపు కుర్చీ తెచ్చుకొని పక్కనే కూర్చున్నాడు. ఎప్పుడూ కూర్చునేవాడు కాదు.

"బాపమ్మకు ఇది ఎవరు నేర్పారు?" అని అడిగింది చిన్నది.

"ఆమె అత్తగారు" అన్నాడు బాపు. "చెన్నూరు కాడ వేరే తీరుగ పేరుస్తరట. గీడికొచ్చినంక నేర్సుకున్న అని చెప్పేది."

"మరి ఆ అత్తగారికి?"

బాపు జవాబు చెప్పలేదు. పొద్దున అడిగిన ప్రశ్నే అది, ఇంకో దారిన వచ్చింది. అయ్యగారి ముందు ఆ ముత్తవ్వ పేరు చెప్పలేకపోయాం. కానీ కాడలు లోపలికి పెట్టడం, ఒక్కో వరసకు వేలెడంత జరగడం, పొట్ట నింపి అరచేత్తో అదమడం ఆమె చేతి మీదుగానే మా ఇంటికి వచ్చి ఉండాలి. ఆమె వాడి, మిగిల్చిన దాన్ని బాపమ్మ వాడింది. బాపమ్మ మిగిల్చింది నేను వాడుతున్నాను. ఎంగిలి గాని బతుకు ఏడున్నదే అన్న మాట ముప్పై ఏళ్ల తర్వాత అప్పుడు నాకు ఎక్కింది.

గునుగు కట్టలు కట్టేటప్పుడు బాపమ్మ దారాన్ని పంటితో కొరికేది. దేవుడి పువ్వు ఎంగిలి చేస్తావా అత్తా అని అమ్మ కసిరితే, "ఎంగిలిపూలే గదనే" అని తప్పించుకునేది. పళ్లు పోయాక ఆ పని నాకు అప్పగించింది. 2023లో, ఆమె చివరి పెత్రమాసకు, మంచం మీద పడుకొనే కట్టలు కట్టింది. ముడి వేయడం, దారం కొస నా ముఖం ముందుకు చాచి "కొరుకు" అనడం. సాయంత్రం దాకా అదే పని.

ఈసారి మూడో కట్టో నాలుగో కట్టో కడుతున్నాను. పొట్టలోకి ఆకు కుక్కమని అమ్మకు చెబుతున్నాను, బంతి ఎంత మిగిలిందో చూస్తున్నాను. "అమ్మా, కత్తెర అక్కడే ఉంది కదా" అంది చిన్నది. చూస్తే దారం నా పళ్ల మధ్య ఉంది. కత్తెర నా మోకాలి పక్కనే ఉంది.

కండె దాని చేతికిచ్చి, తర్వాతి కట్ట నువ్వు కట్టు అన్నాను. అది గునుగు కాడలు సమం చేసుకొని, రెండు చుట్లు తిప్పి, ముడి వేసి, దారాన్ని కత్తెరతోనే కోసింది. కట్ట గట్టిగానే నిలిచింది.